ఒక్క మాటకే ఒప్పుకున్న ఇల్లాలు

సన్న్యాసి అంగీ తొడుక్కుని గొర్రె మాంసం తింటూ పట్టుబడ్డాడు రోకాస్పీన కోట దొర.

పట్టుకున్నది మరొకరైతే ఎలాగో సర్దుకునేది. మఠం పెద్ద మైనార్డ్ గురువే స్వయంగా పట్టుకున్నాడు. దొర నడినెత్తిన మళ్ళీ వెంట్రుకలు మొలిచాయనీ, గొరిగించాలనీ, కత్తీ చెంబూ పట్టుకున్న ఒక సన్న్యాసిని వెంటబెట్టుకుని పొద్దున్నే మేడ మెట్లెక్కాడు. తలుపు తోసేసరికి తుర్‌స్తాన్ దొర మంచం మీద చతికిలబడి, ఒళ్ళో మట్టి మూకుడు పెట్టుకుని, ఎముక జుర్రుతున్నాడు.

దొరసాని అలోయార అప్పుడు వంటింట్లో శనగల కుండ దగ్గర ఉంది. మేడ మీద కేకలు విని, తలగుడ్డ సర్దుకుంటూ పరుగెత్తింది. నలభై రెండేళ్ళ మనిషి పరుగెత్తే మెట్లు కావవి. సగంలో ఆగి, గోడకు చెయ్యి ఆనించి, ఇంకా ఏం మిగిలింది దేవుడా అనుకుంది.

"ఇది గొర్రె," అంటున్నాడు మైనార్డ్ లోపల. "తుర్‌స్తాన్ సోదరా, ఇది గొర్రె మాంసం."

"అవును. బాగా ఉడికింది కూడా," అన్నాడు దొర.

దాది ఎరెంబూర్ గరిటె పట్టుకుని ఇద్దరి మధ్యా నిలబడింది. డెబ్భై అయిదు దాటిన ముసలిది. తుర్‌స్తాన్‌కు పాలిచ్చి పెంచి, ఆయన వెంటే నార్మండీ నుంచి ఈ దక్షిణాదికి వచ్చి, ముప్పై ఏళ్ళయినా ఇక్కడి ఆలివ్ నూనెను తిట్టడం మానలేదు.

"నేనే పెట్టాను. నన్ను కొట్టండి," అంది. "సచ్చిపోతాడనుకున్నోడు లేచి కూకుని ఆకలంటే గడ్డి పెట్టమంటారా? ఎన్నాళ్ళని తాగుతాడు ఆ శనగల నీళ్ళు? పోనీ అందులో ఇంత ఎన్నేద్దామంటే, ఎన్న ముద్ద దొరకని దేశం!"

"సన్న్యాసులు మాంసం ముట్టకూడదు, అవ్వా."

"జబ్బు పడ్డోళ్ళకి పెట్టొచ్చంట కదా మీ మఠంలో! ఆ మాత్రం నాకూ తెల్సు."

మైనార్డ్ తడుముకున్నాడు. "జబ్బు తగ్గిందనే కదా తీసుకెళ్ళడానికి వచ్చాను?"

"మధ్యాహ్నం దాకా జబ్బేననుకోండి," అన్నాడు తుర్‌స్తాన్, ఎముక మూకుట్లో పడేస్తూ. "ఆ తరవాత మా ఆవిడ ఏదంటే అది."

అందరూ గుమ్మం వైపు తిరిగారు. అలోయార అక్కడ నిలబడి రొప్పుతోంది. ఇరవై రెండు రోజులుగా ఆ కోటలో ప్రతివాళ్ళూ ఆమెను అలాగే చూస్తున్నారు. ఆమె కూడా అలవాటుపడిపోయింది.

"మధ్యాహ్నానికి ఇంకా పొద్దుంది," అందామె. "గొరుగుడు తరవాత చూసుకోవచ్చు. అందరూ కిందికి నడవండి."

సముద్రపు ఒడ్డున ముట్టడి జరుగుతుండగా చిత్తడి నేల జ్వరం తగిలి, తుర్‌స్తాన్‌ను తలుపు చెక్క మీద పడుకోబెట్టి మోసుకొచ్చిన రోజు నుంచీ ఈ తంటా. గంటలో పోతాడన్నారు. మైనార్డ్ వచ్చి నుదుట నూనె రాశాడు, నడినెత్తి గొరిగాడు, నల్ల అంగీ తొడిగాడు. జీవితమంతా కత్తి పట్టినవాళ్ళు ఆఖరి గంటలో అంగీ తొడుక్కుని పోవడం ఆ వంశంలో ఉన్నదే. దేవుడి ముందు రౌతుగా కంటే సన్న్యాసిగా నిలబడటం మేలని వాళ్ళ నమ్మకం. తండ్రి అలాగే పోయాడు. అన్నలిద్దరూ అలాగే పోయారు. అయితే వాళ్ళంతా అంగీ తొడగ్గానే మర్యాదగా పోయారు. తుర్‌స్తాన్ పోలేదు.

అంగీ తొడుక్కున్నవాడు లోకం దృష్టిలో చచ్చినవాడి కిందే లెక్క. మూడో రోజుకల్లా పెద్దకొడుకు హామో పద్నాలుగు మంది రౌతులనూ కొలువుకు పిలిచి, ఒక్కొక్కరి జోడించిన చేతులనూ తన చేతుల మధ్య పట్టుకుని ఒట్టు వేయించుకున్నాడు. నాలుగో రోజు తండ్రి కళ్ళు తెరిచి మంచినీళ్ళడిగాడు. ఎనిమిదో రోజుకు పులుసు అడిగాడు. ఇప్పుడా కోటలో ఉన్నది ఇద్దరు దొరలా, లేక ఒక దొరా ఒక సన్న్యాసా అన్నది ఎవరికీ తెలియదు. తేల్చవలసింది అలోయార.

ఎందుకంటే, పెళ్ళాం ఉన్నవాడు సన్న్యాసం పుచ్చుకోవాలంటే పెళ్ళాం అతణ్ణి వదలాలి. నలుగురి ముందు మూడుసార్లు అడుగుతారు. ఇల్లాలు మొదటిసారి గుండెలు బాదుకుని వదలనంటుంది. రెండోసారి మంచం కోడు పట్టుకుని వదలనంటుంది. మూడోసారి ఏడుస్తూ సరేనంటుంది. చెల్లేది మూడో మాటే. మొదటి రెండూ మొగుడి పరువు నిలబెట్టడానికి.

అలోయార మొదటిసారికే సరేనంది.

కన్నీళ్ళు లేవు, కేకలు లేవు. ఆ మాట వినేసరికి మైనార్డ్ అంతవాడే కంగారుపడి, తక్కిన రెండుసార్లూ అడగడం మరిచిపోయాడు. ఇప్పుడు బిషప్ గారి దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది. మిగిలిపోయిన రెండుసార్లూ ఈ మధ్యాహ్నమే చర్చిలో, రౌతులందరి ఎదుటా అడగాలి. మూడోసారి సరేనంటే దొర మఠానికి వెళ్ళాలి. కాదంటే అంగీ విప్పేసి మళ్ళీ దొర కావాలి.

మూకుడు పట్టుకుని మెట్లు దిగుతున్న అలోయారకు హామో ఎదురయ్యాడు.

హామో తుర్‌స్తాన్ మొదటి భార్య కొడుకు. అలోయార ఈ ఇంటికి వచ్చేనాటికి తొమ్మిదేళ్ళవాడు. ఈ దక్షిణాది లొంబార్డ్ పిల్ల వండింది తిననని మొండికేసినవాడు, నెల తిరిగేసరికి ఆమె ఒళ్ళో తల పెట్టి పేలు తీయించుకున్నాడు. ఇప్పుడు ముప్పై ఒకటి. మెట్ల మలుపు నిండుగా ఉంటాడు.

"పిన్నీ, ఒక్క నిమిషం."

"పొద్దుటినుంచి అందరికీ నాతో ఒక్క నిమిషమే పని. చెప్పు."

"నాన్నని పొమ్మని నేననలేదు."

"అనలేదు. ఆయన గుర్రమెక్కి తిరుగుతున్నావు."

"గుర్రాన్ని కట్టి పడేస్తే కాళ్ళు పట్టేస్తాయి. ఎవరో ఒకరు తిప్పాలి కదా?"

"కిటికీ కిందే తిప్పాలా? ఆయన చూస్తున్నారు హామో. రోజూ దుప్పటి కప్పుకుని ఆ కిటికీ దగ్గరే కూర్చుంటున్నారు."

హామో మొహం ఎర్రబడింది. చిన్నప్పుడూ అంతే, తప్పు పట్టుకుంటే చెవుల దాకా ఎర్రబడేవాడు.

"నేనేం చెయ్యను, చెప్పు. పద్నాలుగు మంది నా చేతుల్లో చేతులు పెట్టారు. వాళ్ళని పిలిచి ఏమనాలి? పొరపాటయింది, మీ ఒట్లు మీరు పట్టుకెళ్ళండి అనాలా? ఆ తరవాత ఈ కొండమీద కుక్క కూడా నా మాట వినదు."

"అది నీ గొడవ."

"సరే, నా గొడవే. ఆయన గొడవ కూడా చెప్తా విను. ఆ అంగీ విప్పిన మర్నాటినుంచీ నాన్న ఊరుకుంటాడా? ఎండలు ముదరకముందే మళ్ళీ ఆ ముట్టడికే పోతాడు. ఆ బురదలోకే. ఈసారి తలుపు చెక్క మీద కూడా తిరిగి రాడు. అదే మఠంలో అయితే నీడపట్టున పదేళ్ళు బతుకుతాడు. కాదంటావా?"

అదీ హామోతో వచ్చిన చిక్కు. తన లాభానికి చెప్పే మాటలోనూ ఇంత నిజం కలిపే చెబుతాడు. ఉత్త అబద్ధమే ఆడితే అలోయార ఎప్పుడో చెంప పగలగొట్టి ఉండేది.

"ఆ రోజు ఒక్క మాటకే సరేనన్నావు కదా పిన్నీ. ఇప్పుడేమొచ్చింది?"

"ఆ రోజు పోతున్నవాణ్ణి వదిలాను. ఇవాళ బతికున్నవాణ్ణి వదలమంటున్నారు. రెండూ ఒకటేనా నీకు?"

హామో పక్కకు తప్పుకుని దారిచ్చాడు. ఆమె రెండు మెట్లు దిగాక వెనకనుంచి అన్నాడు: "ఏం జరిగినా నీ గది నీదే. తాళాలు కూడా నీ దగ్గరే ఉంటాయి. మా ఆవిడ ముట్టుకోదు."

"నా తాళాలు నువ్వు నాకిచ్చేదాకా వచ్చిందన్నమాట," అంది అలోయార. ఆ మాటలో కోపం ఉండవలసింది, లేదు. కోపం తెచ్చుకోవడానికైనా ఒంట్లో ఓపిక ఉండాలి కదా.

ఆమె మూకుడు కింద పెట్టి, చెంబుతో నీళ్ళూ తడిగుడ్డా తీసుకుని మళ్ళీ పైకి వెళ్ళింది. తుర్‌స్తాన్ కిటికీ దగ్గర పీట మీద కూర్చుని ఉన్నాడు. యాభై ఆరేళ్ళ మనిషి ఈ మూడు వారాల్లో డెబ్భై ఏళ్ళవాడిలా తయారయ్యాడు. నడినెత్తిన మొలుస్తున్న వెంట్రుకలు కోత కోసిన బార్లీ చేనులా ఉన్నాయి. ఆమె ఆయన గడ్డం పట్టుకుని తుడవడం మొదలుపెట్టింది.

గడ్డం అయ్యాక మెడ, మెడ అయ్యాక చెవుల వెనక తుడిచింది.

"ఏడవలేదేం?" అన్నాడాయన ఉన్నట్టుండి.

"ఎప్పుడు?"

"ఎప్పుడో నీకు తెలుసు."

అలోయార చెయ్యి ఆగిపోయింది. "మీకు స్పృహ లేదన్నారు."

"చెవులకుంది." ఆయన కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు. "కళ్ళు తెరుద్దామంటే రెప్పలు లేవలేదు. మైనార్డ్ అడిగాడు. చూడు, ఇప్పుడు మా అలోయార అరుస్తుంది, ఆ ముసలాణ్ణి గదిలోంచి తరిమేస్తుంది అనుకున్నాను. మంచం కోడైనా పట్టుకుంటుందిలే అనుకున్నాను. మా పెద్దన్న పోయినప్పుడు మా వదిన జుట్టు పీక్కుంది. ఆవిడకి మా అన్నంటే గిట్టేది కాదు, అయినా పీక్కుంది. నువ్వో? 'సరే' అన్నావు. అంతే. కోడిని అమ్మేటప్పుడు కూడా అంతకంటే ఎక్కువ బేరమాడతావు నువ్వు."

ఆమెకు నవ్వు వచ్చింది. ఆ వెంటనే ఒళ్ళు మండింది.

"ఇరవై రెండు రోజులనుంచీ ఇదా కడుపులో పెట్టుకుని కూర్చున్నారు?"

"ఇంకేం పనుంది నాకు? ప్రార్థనలా, ఒక్కటీ నోటికి రాదు."

"అయితే వినండి." అలోయార గుడ్డ పక్కన పెట్టి ఆయన ఎదుటికి వచ్చింది. "నేనీ ఇంటికొచ్చి ఇరవై రెండేళ్ళయింది. ఏటేటా ఎండ పడగానే మీరు గుర్రమెక్కేవారు. ఏటేటా నేను గుమ్మంలో నిలబడి ఏడ్చేదాన్ని. మొదట్లో నిజంగానే ఏడ్చాను. కొన్నాళ్ళకి రౌతుల పెళ్ళాలు చూస్తున్నారని ఏడ్చాను. ఆ తరవాత ఏడుపు రాక, ఉల్లిపాయలు తరిగి వచ్చి నిలబడేదాన్ని. మీకు తెలీదు. మీరు ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూస్తే కదా!"

"వెనక్కి తిరిగితే కదల్లేనని..."

"పోయాడని ఒకడొచ్చి చెప్పేవాడు. పోలేదని పది రోజులకి ఇంకొకడొచ్చి చెప్పేవాడు. ఎన్నిసార్లు మిమ్మల్ని మనసులో పాతిపెట్టానో, ఎన్నిసార్లు తవ్వి తీశానో నాకే గుర్తులేదు. ఆ రోజు చెక్క మీద తెచ్చారు. నాలో ఇంక ఏడుపన్నదే లేదండీ. ఆయన అడిగాడు, సరేనన్నాను. పోనీ, ఇకనైనా సుఖంగా పడుకోనీ అనుకున్నాను. మిమ్మల్నీ, నన్నూ."

"నిన్నూ?"

"నన్నూ."

కింద గుర్రం డెక్కల చప్పుడు వినిపించింది. హామో మళ్ళీ తిప్పుతున్నాడు, ఈసారి లాయం వైపుగా, కాస్త దూరంలో.

"ఎడమ కళ్ళెం మరీ లాగుతాడు వెధవ," అన్నాడు తుర్‌స్తాన్. "ఎన్నిసార్లు చెప్పినా అంతే." కిటికీ మీంచి చూపు తిప్పకుండానే అడిగాడు. "బిషప్‌కి ఉత్తరం ఎవరు రాయించారు?"

"నేనే."

ఆయన ఇటు తిరిగాడు. "నువ్వా? మిగతా రెండుసార్లూ కూడా అనేస్తే పీడ వదులుతుందనా?"

తడిగుడ్డ తీసి చెంబులోకి విసిరికొట్టింది అలోయార. నీళ్ళు నేలంతా చిందాయి.

"అవును. అందుకే రాయించాను. మన చర్చి పూజారి కాళ్ళు పట్టుకుని, అయిదు మైళ్ళు మనిషిని పరుగెత్తించి రాయించింది అందుకే." గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "ఒక్క మాట చెప్పండి. మీకు ఉండాలనుందా, పోవాలనుందా?"

తుర్‌స్తాన్ మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు. "వాళ్ళు అడిగేది నిన్ను కదా. నన్నెవరడిగారు?"

మధ్యాహ్నం గంట కొట్టేసరికి చర్చి నిండిపోయింది. పద్నాలుగు మంది రౌతులూ గోడవారగా నిలబడ్డారు. ఎవరి పక్కన నిలబడితే ఏమనుకుంటారోనని ఒకరికొకరు ఎడంగా ఉన్నారు. హామో ముందు వరసలో, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఇద్దరు మనుషుల భుజాలు పట్టుకుని నడిచివచ్చిన తుర్‌స్తాన్‌ను పీఠం పక్కన బల్ల మీద కూర్చోబెట్టారు. ఎరెంబూర్ అడగకుండానే వెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర చతికిలబడింది.

అలోయార నడుచుకుంటూ ముందుకు వచ్చింది. కొండ దారిలో వస్తూ వస్తూ ఆమె ఒక సంగతి తేల్చుకుంది. బతికి ఉండటం, బురద, ఒట్లు, హామో చెప్పిన నిజాలు, అన్నీ పక్కన పెడితే, ఆమెకు ఆయన కావాలి. వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడి, ఇదేం ఉప్పు, ఇదేం కూర అని సణిగే మనిషి కావాలి. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి ఇరవై రెండు రోజులు పట్టిందే అని ఆమెకు సిగ్గేసింది.

మైనార్డ్ గొంతు సవరించుకున్నాడు. "మర్యాద ప్రకారం రెండోసారి అడుగుతున్నాను. పాండో కూతురు అలోయారా, నీ భర్త తుర్‌స్తాన్‌ను దేవుడి సేవకు వదులుతున్నావా?"

"వదలను."

అనుకున్న దానికంటే గట్టిగా వచ్చింది మాట. చర్చి కప్పు దాకా వెళ్ళి తిరిగి వచ్చింది.

"వదలను. మీకెందుకండీ ఆయన? ఒక్క ప్రార్థన రాదు. ముక్కుమీద కోపం. పెట్టే గురకకి మీ మఠంలో ఒక్కరికీ నిద్రుండదు. వారం తిరక్కుండానే మీరే పంపించేస్తారు. ఆ సుఖమేదో నన్నే పడనివ్వండి. ఇన్నేళ్ళూ ఊళ్ళమీద పడి తిరిగారు. ఇప్పుడిప్పుడే ఇల్లు పట్టారు. నా మనిషిని నాకు వదిలెయ్యండి."

అంటుండగానే కళ్ళు నిండాయి. ఎన్నో ఏళ్ళుగా రాని కన్నీళ్ళు చెంపలమీదుగా మెడ దాకా కారిపోయాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదామెకు. ఎరెంబూర్ బావురుమంది. ముసలి రౌతు ఒకడు నేల చూపులు చూశాడు. హామో చెవుల దాకా ఎర్రబడ్డాడు.

తుర్‌స్తాన్ ముఖం విప్పారింది. జ్వరం తగిలిన రోజునుంచీ ఆ ముఖంలో అంత వెలుగు ఎవరూ చూడలేదు. మైనార్డ్ మూడోసారి అడగబోతుంటే ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"అలోయారా," అన్నాడు మెత్తగా. "ఈసారికి సరేనను."

ఆమెకు అర్థం కాలేదు. "ఏమిటీ?"

"సరేనని చెప్పెయ్యి. నాకు ఆ మాట వినాలనుండింది. విన్నాను, చాలు. నాకింక ఓపిక లేదే. ఈ అంగీ విప్పితే మళ్ళీ ఇనప చొక్కా తొడుక్కోవాలి. హామో మీదికి వెళ్ళాలి, వాడు నా కొడుకు. ఇదిగో, ఈ పద్నాలుగు మందీ సగం అటూ సగం ఇటూ చీలి, నా ముందే నరుక్కోవాలి. నలభై ఏళ్ళు నరికానే. చేతులు పడిపోయాయి. పొద్దున నువ్వడిగితే చెప్పలేకపోయాను."

హామో తలెత్తి తండ్రిని చూశాడు, మళ్ళీ దించుకున్నాడు.

అలోయార అరచేత్తో ఒక చెంపా, రెండో చెంపా తుడుచుకుంది. మోసపోయినట్టనిపించింది. ఆయన అబద్ధమాడలేదు, అదే ఎక్కువ మంటగా ఉంది. ఆయనకు గుమ్మంలో నిలబడి ఏడ్చే పెళ్ళామూ కావాలి, ఎక్కి వెళ్ళిపోయే గుర్రమూ కావాలి. ఏటేటా జరిగిందే, ఈసారి గుర్రం బదులు మఠం.

మైనార్డ్ మొహంలో బరువు దిగినట్టయింది. "మూడోసారి, ఆఖరుసారి అడుగుతున్నాను. పాండో కూతురు అలోయారా..."

"ఆగండి గురువుగారూ," అందామె. "ముందు ఆయన్ని అడగండి."

"ఏమని?"

"నన్ను వదులుతున్నాడా అని. నలుగురి ముందూ, మూడుసార్లు. ఆ రోజు ఆయనకి స్పృహ లేదు, మీరే అంగీ తొడిగారు, మీరే నన్నడిగారు. ఆయన నోటితో ఆయన ఏదీ అనలేదు. ఇవాళ స్పృహ ఉంది కదా."

"అలాంటి ఆచారం లేదమ్మా."

"లేకపోతే ఇవాళ పెట్టండి. మూడుసార్లూ వదులుతున్నానని ఆయన్ని అననివ్వండి. ఆ తరవాత నా మాట నేను చెప్తాను."

"పిన్నీ..." అన్నాడు హామో.

"నువ్వుండరా!"

మైనార్డ్ రౌతుల వైపు చూశాడు. వాళ్ళలో అందరికంటే పెద్దవాడు, నేల చూపులు చూసినవాడే, అడగమన్నట్టు తలూపాడు. మైనార్డ్ బల్ల వైపు తిరిగాడు. సోదరా అనాలో, దొరా అనాలో తోచక రెండూ మానేశాడు.

"తుర్‌స్తాన్, నీ భార్య అలోయారను వదులుతున్నావా?"

అదెంత పని అన్నట్టు తుర్‌స్తాన్ నోరు తెరిచాడు. అలోయార నాలుగడుగులు వేసి, ఆయన ఎటు చూసినా తానే కనిపించేటట్టు, సరిగ్గా ఎదుటికి వచ్చి నిలబడింది. తడి ఆరని చెంపలతోనే ఆయన కళ్ళలోకి చూసింది. ఆయన కూడా చూశాడు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది, మాట రాలేదు.

గురువు రెండోసారి అడగడానికి లేదు. మొదటిదానికే ఇంకా జవాబు రాలేదు. రౌతులు కాళ్ళు మార్చి నిలబడ్డారు, హామో పిడికిళ్ళు బిగించాడు, ఎరెంబూర్ ఏడుపు మాని నోరెళ్ళబెట్టి చూస్తోంది. అలోయార మాత్రం కదలకుండా నిలబడింది. ఇప్పుడామెకు తొందరేమీ లేదు.